మద్రాసు ప్రెసిడెన్సీ హరికేన్‌కు ఏ రంగు వేయాలి?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లోని మూడు స్క్వాడ్రన్ల, అంటే యుద్ధ విమాన దళాల, పేర్లలో మద్రాసు ప్రెసిడెన్సీ కూడా చేరింది. 79, 234, 264 నంబర్లు గల ఆ స్క్వాడ్రన్లకు ఈ ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన యుద్ధ విరాళాల గుర్తుగా ఆ పేరు పెట్టారు. నెల్లూరు జిల్లా, అప్పటికి గుంటూరు జిల్లాలో భాగమైన ఒంగోలు ప్రాంతం, రెండూ ఆ ప్రెసిడెన్సీలోవే. యుద్ధ విమానం ఒక్కింటికి 5,000 పౌండ్లని నామమాత్రపు ధర కట్టి సామ్రాజ్యమంతటా చందాలు పోగుచేస్తున్న ఆ సంవత్సరాల్లోనే టంగుటూరి ప్రకాశం పంతులు గారు వ్యక్తి సత్యాగ్రహంలో ఒకసారి, క్విట్ ఇండియా ఉద్యమంలో మరోసారి జైలుకు వెళ్లారన్నది కూడా ఈ కథలో భాగమే గనుక, ఈ పేరు చూసి మనం మరీ ఉప్పొంగిపోవలసిన పనిలేదు. అయినా ఈ మూడింటిలో మన వైపు వచ్చి పోరాడింది 79వ స్క్వాడ్రన్ ఒక్కటే. 1942లో భారతదేశానికి తరలి వచ్చి, హరికేన్ టూ-సీ రకం ఫైటర్ విమానాలతో బర్మాలోని అరకాన్ తీరం మీద యుద్ధం చేసి, 1944లో థండర్‌బోల్ట్ అనే ఫైటర్లకు మారింది. నెల్లూరులో కూర్చుని హరికేన్ నమూనా కట్టే మనిషికి ఇంతకంటే దగ్గరి విమానం దొరకదు. నేను 1/48 స్కేలులో, అంటే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు కొలతలో, రెక్కల వెడల్పు పాతిక సెంటీమీటర్లుండే కిట్టుతో కడుతున్నది దాన్నే.

నమూనాలు కట్టేవాళ్లలో ఎక్కువమంది చేసే పని ఒకటుంది. కిట్టు కొన్న రోజే రంగు సీసాల గురించి తగాదా మొదలుపెడతారు. ఫలానా కంపెనీ డార్క్ గ్రీన్‌లో పసుపు ఎక్కువైందని, ఇంకొకరి డార్క్ ఎర్త్ మరీ ఎర్రగా ఉందని, సీసాల మీది నంబర్లను శాసనాల్లాగా చదువుతారు. విమానం ఏ నెలలో, ఏ రన్‌వే మీద, ఏ సీరియల్ నంబరుతో నిలబడి ఉందన్న ప్రశ్న మాత్రం చివర్లో, నమూనా మీద అంటించే గుర్తుల డెకాల్ షీటు నీళ్లలో వేసే ముందు గుర్తుకొస్తుంది. నా వాదన దీనికి పూర్తిగా తలకిందులు. ముందు తేదీ తేల్చుకోవాలి, ఆ తరువాత ఆ విమానం ఫొటో సంపాదించాలి, రంగు సీసా ఆఖరున రావాలి. వరుస తప్పితే ఎంత నాణ్యమైన రంగు వేసినా ఆ నమూనా ఎన్నడూ లేని విమానానిదే అవుతుంది.

బర్మా సరిహద్దు యుద్ధంలో ఈ మాట మరింత నిజం, ఎందుకంటే అక్కడ విమానాల గుర్తులు మారినంతగా రంగులు మారలేదు. హరికేన్ పైభాగానికి డార్క్ గ్రీన్, డార్క్ ఎర్త్ మచ్చలు, అడుగుభాగానికి మీడియం సీ గ్రే అన్నది అక్కడ బాగా కనిపించే పద్ధతి. ఐరోపాలో 1941 ఆగస్టు నుంచి పగటి ఫైటర్లకు డార్క్ ఎర్త్ స్థానంలో సముద్రపు బూడిద రంగు వచ్చినా, ఇక్కడి అడవుల మీద ఎగిరే విమానాలకు ఆ మట్టి రంగే కొనసాగింది. రౌండెల్ అనే గుండ్రటి జాతీయ గుర్తు సంగతి అలా కాదు. 1942 మధ్యలో ఫైటర్ పక్కభాగం మీద ఉండవలసింది మధ్యలో ఎరుపు, చుట్టూ సన్నని తెలుపు, దాని చుట్టూ నీలం, అంచున సన్నని పసుపు వలయం గల 36 అంగుళాల గుర్తు. జపాన్ విమానాల మీద ఉండేది ఎర్రటి సూర్యబింబం. మబ్బుల సందున అరక్షణం కనిపించిన ఎర్ర చుక్క ఎవరిదో తేల్చుకునే తీరిక పైలట్‌కు గానీ, కింద విమాన విధ్వంసక తుపాకీ పట్టుకున్న సిపాయికి గానీ ఉండదు. అందుకని ఈ రంగంలోని మిత్రపక్షాల విమానాల మీద ఎరుపు తీసేశారు. మొదట నీలం వలయం మధ్యలో తెలుపు మిగిలింది. అడవి మీద ఎగిరేటప్పుడు ఆ తెలుపే శత్రువుకు గురిగా మారే ప్రమాదం ఉండడంతో తెలుపు చోట లేత నీలం వచ్చింది, గుర్తు కూడా చిన్నదైంది. మౌంట్‌బాటెన్ కింద 1943 నవంబరులో మిత్రపక్షాల ఆగ్నేయాసియా కమాండ్ ఏర్పడిన తరువాతి ఫొటోలలో సర్వసాధారణంగా కనిపించేది ఈ 16 అంగుళాల ముదురు నీలం, లేత నీలం గుర్తే. యుద్ధం చివరి సంవత్సరంలో రెక్కల మీద, తోక మీద తెల్లని పట్టీలు కూడా వచ్చి చేరాయి.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. 36 అంగుళాల గుర్తు నా స్కేలులో 19 మిల్లీమీటర్లు. 16 అంగుళాలది ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఈ తేడా గది గుమ్మం దగ్గర నిలబడి చూసినా తెలిసిపోతుంది. రెండు కంపెనీల డార్క్ గ్రీన్‌ల మధ్య తేడా మాత్రం రెంటినీ పక్కపక్కన పెట్టి, కిటికీ వెలుతురులో, కళ్లద్దాలు సర్దుకుని చూస్తే తప్ప తెలియదు. అయినా మన తగాదాలన్నీ ఆ రెండో తేడా మీదే జరుగుతాయి.

మన పిల్లలకు నమూనా చూపించినప్పుడు వచ్చే మొదటి ప్రశ్న రంగు గురించి కాదు, జెండా గురించి. నా షెల్ఫులో భారత వైమానిక దళం 1వ స్క్వాడ్రన్ హరికేన్ ఒకటుంది. 1944లో అర్జన్ సింగ్ నాయకత్వంలో ఇంఫాల్ నుంచి ఎగిరిన దళమది. ఆయనకు ఆ ఏడాది జూన్‌లో మౌంట్‌బాటెన్ డి.ఎఫ్.సి. (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) పతకం తొడిగింది కూడా అక్కడే. మా పక్కింటి అబ్బాయి దాన్ని చుట్టూ తిరిగి చూసి, “ఇది మన విమానమే గదా అంకుల్, మూడు రంగులు యాడ?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం కొంచెం చేదుగానే ఉంటుంది. ఆ రోజున మన పైలట్లు ఎగిరింది బ్రిటిష్ వారి గుర్తుల కిందే. స్వాతంత్ర్యం వచ్చాక కొద్దికాలం అశోక చక్రం గుర్తుగా ఉండి, 1950 నుంచి ఇప్పుడున్న కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు వచ్చాయి. 1944 నాటి హరికేన్ మీద మూడు రంగులు అంటిస్తే దేశభక్తి కనిపిస్తుందేమో గానీ, పరాయి గుర్తు కింద ఎగురుతూనే ఆ మనుషులు తమ నైపుణ్యాన్ని నిరూపించుకున్నారన్న అసలు సంగతి చెరిగిపోతుంది. ఆ అబ్బాయికి నేను అదే చెప్పాను. వాడికి నచ్చలేదు. నచ్చకపోవడమూ న్యాయమే.

ఇక ఫొటోల సంగతికి వస్తే, ఇక్కడే ఈ విద్యలోని అసలు రుచి ఉంది. అప్పటి ఫొటోలు దాదాపు అన్నీ నలుపు తెలుపులే. వాటిలో బూడిద రంగు ఎంత ముదురుగా ఉందో చూసి అసలు రంగు చెప్పేయవచ్చనుకునేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న, ఆ ఫొటో ఏ రకం ఫిల్ముతో తీశారన్నది. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనపడదు. దాని మీద ఎరుపు నల్లగా, పసుపు ముదురుగా, నీలం తేలికగా పడతాయి. ప్యాన్‌క్రొమాటిక్ ఫిల్ము అన్ని రంగులనూ పట్టుకుంటుంది, దాని మీద ఎరుపు, నీలం ఇంచుమించు ఒకే బూడిదగా కనిపించవచ్చు. కాబట్టి ఒకే విమానాన్ని ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తీస్తే ఒకరి ఫొటోలో పసుపు అంచు తెల్లగా మెరుస్తుంది, మరొకరి ఫొటోలో అది నల్లటి గీతలా ఉండి, అసలు పసుపే లేదన్న భ్రమ కలిగిస్తుంది. బర్మా విమానాల విషయంలో ఇది మరీ చిక్కు. ఆర్థో ఫిల్ము మీద లేత నీలం తెలుపుకు చాలా దగ్గరగా పడుతుంది గనుక, గుర్తు మధ్యభాగం తెలుపా, లేత నీలమా అన్నది ఆ భాగాన్ని మాత్రమే చూసి చెప్పలేం.

అలాంటప్పుడు ఫొటోలో రంగు తెలిసిన వస్తువు ఇంకేదైనా ఉందేమో వెతకాలి. స్పిన్నర్, అంటే ప్రొపెల్లర్ మధ్యలోని మొనదేరిన మూత, తెల్లగా ఉందని మరో ఆధారంతో తెలిస్తే, గుర్తు మధ్యభాగాన్ని దానితో పోల్చవచ్చు. రెండూ ఒకే వెలుతురులో ఉన్నాయో లేదో కూడా చూడాలి. రెక్క నీడలో ఉన్న తెలుపు, ఎండలో ఉన్న లేత నీలం కంటే ముదురుగా పడుతుంది. మనిషి చొక్కా, టెంటు గుడ్డ, నేల మీది ఇసుక, ఇవన్నీ సాక్షులే. నేను భూతద్దం కింద మొదట చూసేది విమానాన్ని కాదు, దాని పక్కన నిలబడ్డ మెకానిక్‌ని. ఎరుపును కప్పుతూ వేసిన కొత్త రంగు తరచుగా పాత అంచుతో సరిగ్గా కలవదు. ఆ అంచు దగ్గర సన్నని నెలవంకలా మరో ఛాయ కనిపిస్తే, ఈ విమానానికి గుర్తు మార్చారని, కొత్తగా ఆ రంగుతోనే రాలేదని అర్థమవుతుంది. పాతిక సెంటీమీటర్ల నమూనా మీద ఆ నెలవంక వెంట్రుకవాసి మందం కూడా ఉండదు. అయినా దాన్ని వేయడంలో ఉన్న సంతృప్తి డెకాల్ అంటించడంలో లేదు.

రంగు ఫొటో ఉంటే చిక్కులన్నీ తీరతాయనుకోవడం కూడా పొరపాటే. 2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద కట్టిన అత్యవసర రన్‌వే పైన వైమానిక దళం ట్రయల్ జరిపినప్పుడు సుఖోయ్, తేజస్ విమానాలు కిందుగా ఎగిరి వెళ్లాయి. ఒంగోలు, అద్దంకి వైపు మిత్రులు ఫోన్లలో తీసి పంపిన ఫొటోలు నేను దాచుకున్నాను. ఒకే సుఖోయ్ ఒక ఫోనులో నీలం కలిసిన బూడిదగా, మరో ఫోనులో దాదాపు తెల్లగా, ఇంకొకదానిలో కొంచెం ఆకుపచ్చగా ఉంది. ఒకే రోజు తీసినవి, ఒకే విమానం, మనందరి జేబుల్లో ఉండే కెమెరాలు. ఇంతలోనే ఇంత తేడా ఉంటే, ఎనభై ఏళ్లుగా వెలిసిపోతూ, ప్రింటు నుంచి ప్రింటుకు, స్కానరు నుంచి స్క్రీనుకు ప్రయాణం చేసిన రంగు ఫొటోను చూపించి ఇదే అసలు ఛాయ అని బల్లగుద్ది చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. నలుపు తెలుపు ఫొటోలకు ఇప్పుడు కంప్యూటరు రంగులద్దుతున్నారు. అవి సాక్ష్యం కిందకే రావు, వాటి గురించి ఎక్కువ చెప్పను.

అసలు సరైన ఛాయ అంటూ ఒకటి ఉందా అన్నది తరువాతి ప్రశ్న. కాగితం మీద ఉంది. బ్రిటిష్ అధికారులు ప్రతి రంగుకూ నమూనా ముక్కలు నిర్ణయించారు. తరువాతి కాలపు బ్రిటిష్ స్టాండర్డ్ పట్టికలో డార్క్ గ్రీన్ 641, డార్క్ ఎర్త్ 450, మీడియం సీ గ్రే 637. విమానం మీదకు వచ్చేసరికి ఏమవుతుందో తెలుసుకోవడానికి నేను ఎవరి గ్రంథమూ తిరగేయలేదు, నెల్లూరు ఆటోనగర్‌లో కార్లకు రంగు కొట్టే మేస్త్రీని అడిగాను. ఆయన కంప్యూటరులో కోడు చూసి కలిపిన రంగును కూడా నేరుగా కొట్టడు. ఒక రేకు ముక్క మీద కొట్టి, ఆరబెట్టి, కారు పక్కన పెట్టి చూసి, రెండు చుక్కలు నలుపో పసుపో మళ్లీ కలుపుతాడు. కోడు ఉంది గదా, ఎందుకీ శ్రమ అంటే, “కోడు కంపెనీలో కారుకి సార్. ఎండ తిన్న బానెట్టు ఒక రంగు, నీడనున్న డోరు ఒక రంగు అయిపోయుంటాయి గదా. నేను కొట్టేది ఈ కారుకి” అన్నాడు. పలుచన చేసిన థిన్నరు పాళ్లు, గన్నులో గాలి ఒత్తిడి, ఎన్ని కోట్లు కొట్టారన్నది, ఇవన్నీ ఛాయను మారుస్తాయని ఆయన రేకు ముక్కల మీదే చూపించాడు. ఒక షెడ్డులో, నీడలో, తీరికగా చేసే పనిలోనే ఇంత మార్పు ఉంటే, కరాచీలోనో కలకత్తాలోనో మరమ్మతు డిపోలో, దొరికిన రంగుతో, తెల్లారేసరికి విమానం పంపాలన్న ఒత్తిడిలో చేసిన పని ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే రంగు విషయంలో నేను ఒక పరిధి ఒప్పుకుంటాను. డార్క్ ఎర్త్ మట్టి రంగులా ఉండాలి, ఇటుక రంగులోకో చాక్లెట్ రంగులోకో పోకూడదు. ఆ హద్దుల మధ్య ఎక్కడున్నా నాకు అభ్యంతరం లేదు.

ఎండకు వెలిసిన రంగును ఎలా చూపించాలన్నది ఇంకో గొడవ. రంగు వేసిన ప్లాస్టిక్ ముక్కలను రోహిణి కార్తెలో మిద్దె మీద పెట్టి చూస్తే సరిపోతుంది గదా, మన నెల్లూరు ఎండ అరకాన్ ఎండకేం తీసిపోతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. వినడానికి బాగానే ఉంది. కానీ మిద్దె మీద వెలిసేది ఇప్పటి ఆక్రిలిక్ రంగు, అప్పటి విమానాల మీద వెలిసింది సెల్యులోజు, సింథటిక్ రంగులు. ఆ ప్రయోగం నేడు సీసాలో ఉన్న రంగు గురించి చెబుతుందే గానీ 1943 గురించి ఏమీ చెప్పదు. నేను చేసేది పైన ఎండ నేరుగా పడే చోట మూల రంగులో కొంచెం లేత బూడిద కలిపి పలుచగా కొట్టడం, రెక్క కింద అసలు రంగును అలాగే వదిలేయడం. ఇది కూడా ఊహే, కాకపోతే ఎవరూ అబద్ధమని నిరూపించలేనంత చిన్న ఊహ.

వాతావరణపు దెబ్బలు చూపించే ఉత్సాహంలో చాలామంది చేసే ఒక పని మాత్రం నాకు ఒళ్లు మండిస్తుంది. హరికేన్ వెనక భాగమంతా వెండి రంగు గీతలు, పెచ్చులు గీస్తారు, రంగు ఊడి అల్యూమినియం బయటపడినట్టు. హరికేన్‌లో కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా అల్యూమినియం రేకు లేదు. ఉక్కు గొట్టాల చట్రం మీద చెక్క పట్టీలు బిగించి, వాటిపైన నార గుడ్డ తొడిగి, డోప్ అనే ద్రావకం పూసి బిగుసుకునేలా చేస్తారు. డోప్ ఆరిన ఆ గుడ్డ మీద వేలితో కొడితే ఎండకు కాచిన డప్పులా మోగుతుంది. గుడ్డ చిరుగుతుంది, మాసిక పడుతుంది, రంగు పొడిబారుతుంది. వెండి పెచ్చు మాత్రం రాదు. మగ్గం తెలిసిన చీరాల ప్రాంతంలో పెరిగినవాళ్లకైనా ఈ తేడా వెంటనే తట్టాలి. రెక్క మొదట్లో, పైలట్ బూటుతో ఎక్కే చోట, ఇంజను కవరు తీసి పెట్టే చోట లోహం బయటపడటం సహజం, అక్కడ గీయండి. రంగు ఎలా వేశారన్నది తెలియాలంటే ముందు దేని మీద వేశారో తెలియాలి.

మ్యూజియంలో ఉన్న విమానాన్ని చూసి వేస్తే తప్పేముంది అని అడుగుతారు. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో హరికేన్ ఉంది, వెళ్లి చూడవలసిందే. రేకు అతుకులు, గొట్టాలు, చక్రాల గది లోపలి నిర్మాణం అక్కడ కంటే బాగా ఎక్కడా తెలియవు. అయితే ఏ దేశంలోనైనా నిలువ ఉంచిన విమానానికి తుప్పు పట్టకుండా మళ్లీ మళ్లీ రంగు వేస్తారు. పైన కనిపించేది యుద్ధకాలపు పొర కాదు, ఆఖరుసారి వేసిన పొర. కిట్టు పెట్టె మీది బొమ్మ అంతకంటే బలహీనమైన సాక్షి. దాన్ని గీసిన చిత్రకారుడు కూడా మనం చూసిన ఫొటోనే చూసి, మనలాగే ఊహించాడు.

ఇప్పుడు నా హరికేన్ దగ్గరున్న అతి పెద్ద ప్రలోభం గురించి. చందా ఇచ్చినవారి పేర్లు కొన్ని విమానాల ముక్కు మీద, కాక్‌పిట్ దగ్గర పసుపు అక్షరాలతో రాసిన మాట నిజం. కాబట్టి 79వ స్క్వాడ్రన్ విమానం ముక్కు మీద “మద్రాసు ప్రెసిడెన్సీ” అని రాస్తే చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది, మన జిల్లా సంబంధం ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఒక మిత్రుడు ఇంకాస్త ముందుకెళ్లి “నెల్లూరు” అని రాయమన్నాడు. స్క్వాడ్రన్‌కు బిరుదుగా వచ్చిన పేరు వేరు, ఒక్కో విమానం మీద రాసిన పేరు వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉండి తీరాలని లేదు. నేను ఎంచుకున్న విమానం ఫొటోలో ముక్కు మీద అక్షరాలు లేవు. అందుకని నా నమూనా మీద కూడా ఉండవు. “ఎవడు చూడొచ్చాడు?” అన్నది ఇక్కడ వినిపించే మామూలు సమాధానం. ఎవరూ చూడలేదు గనుకనే జాగ్రత్త కావాలి. ఈ స్క్వాడ్రన్ పేరు విననివాళ్లు ఆ నమూనాను చూసి నమ్మేస్తారు, ఫొటో తీసుకుంటారు, పదేళ్ల తరువాత ఇంకొకరు ఆ ఫొటోనే ఆధారంగా చూపిస్తారు. నెల్లూరుకు దీనిలో ఉన్న వాటాను చెప్పడానికి స్టాండు కింద అంటించే కాగితం చాలు.

ఇంతకీ తేదీ ఎలా తేల్చుకోవాలి? బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే వరుసలో స్క్వాడ్రన్ల కార్యకలాపాల రికార్డు పుస్తకాలున్నాయి. వాటిలో ఫారం 540 నెలవారీ సంగతులు చెబుతుంది, ఫారం 541 ఏ రోజు ఏ పైలట్ ఏ సీరియల్ నంబరు విమానంలో ఎగిరాడో, ఎప్పుడు లేచి ఎప్పుడు దిగాడో చెబుతుంది. టైపు చేసిన గుమాస్తా నిద్రమత్తులో అంకెలు తారుమారు చేసిన సందర్భాలుంటాయి గనుక ఒక్క పేజీని నమ్మకుండా ముందువెనకల పేజీలతో సరిచూసుకోవాలి. రంగుల ప్రస్తావన వాటిలో దాదాపు ఉండదు, ఎవరికీ అది రాసుకోదగిన విషయంగా తోచలేదు. కానీ ఫొటోలో తోక దగ్గర ఎనిమిది అంగుళాల నల్లటి అక్షరాలతో ఉన్న సీరియల్ నంబరు చదవగలిగితే, ఆ విమానం ఆ స్క్వాడ్రన్‌లో ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎగిరిందో ఈ కాగితాలు చెబుతాయి. దానితో గుర్తు ఏ రకమై ఉండాలన్నది చాలావరకు తేలిపోతుంది. ఫొటో కింద అచ్చయిన వివరణను మాత్రం అంతగా నమ్మకూడదు. అది పత్రికల కోసం రాసినది, పైగా సెన్సారు వాళ్లు విమానం పక్కన రాసే స్క్వాడ్రన్ కోడు అక్షరాలను చెరిపేసిన ఫొటోలు చాలా ఉన్నాయి. అక్షరాలు లేని విమానాన్ని చూసి కోడు వేయలేదనుకోవడానికి ముందు, ఆ చోట ఛాయ మరీ చదునుగా, బ్రష్షుతో అలికినట్టుగా ఉందేమో చూడాలి.

ఇంగ్లండ్‌లోని ఆర్కైవులు, ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణలు ఇంట్లో కూర్చుని చూడగలిగే రోజులివి. ఇంకా బయటికి రానివి మన ఊళ్లలోని ట్రంకు పెట్టెల్లో ఉండి ఉంటాయి. యుద్ధకాలంలో ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా, వైర్‌లెస్ ఆపరేటర్లుగా చేరినవాళ్లు తెచ్చుకున్న చిన్న చిన్న ఫొటోలవి. మీ ఇంట్లో తాతగారిది అలాంటిది ఒకటుంటే ఆల్బం నుంచి బలవంతంగా పీకవద్దు. ఊడి వస్తే వెనక వైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన ఊరు, తేదీ అక్కడే ఉంటాయి. పక్కన ఒక స్కేలు పెట్టి స్కాన్ చేస్తే గుర్తు కొలతను విమానం కొలతతో పోల్చుకోవచ్చు. ఫోను యాప్‌తో రంగులద్దడం, మచ్చలు తుడిచేయడం చేయకండి. మచ్చ అనుకుని తుడిచింది ఒక్కోసారి సీరియల్ నంబరులోని ఆఖరి అంకె కావచ్చు.